ఊరుంది, పేరు లేదు

ఫ్యాక్టరీ వెనక గేటు పశువులది.
ప్రతి చెవికీ పసుపు బిళ్ల, బిళ్ల మీద అంకె.
పేచీ ఉండదు.
ముందు గేటు మనుషులది. అక్కడ నేనుంటాను,
వెర్లా హర్బెక్, నియామకాల గుమాస్తా.
కిటికీ అద్దంలో అరచేయంత కంత,
కంతలోంచి కాగితాలు.

రెండు కావాలి, అంటాను.
ఈ ముఖం ఫలానావాళ్లదని చెప్పేది ఒకటి,
ఆ ఫలానావాళ్లు ఈ దేశంలో పని చేయొచ్చని చెప్పేది ఇంకొకటి.
రెండూ చెప్పే ఒక్కటున్నా సరే.
జిరాక్సు చెల్లదు. గడువు మూడు రోజులు.
ఈ నాలుగు ముక్కలూ నిద్రలో కూడా అంటానని
నా మాజీ మొగుడు సాక్ష్యం.

ఎన్ని చోట్ల దాచుకుని తెస్తారో!
బైబిల్లో, సాక్సులో, బిస్కట్ల డబ్బాలో.
ఒకామె రవిక లోపలి నుంచి తీసిచ్చింది,
కార్డు ఇంకా వెచ్చగా ఉంది.
నెబ్రాస్కా చలికి నా వేళ్లు కొంకర్లు పోయిన ఉదయం అది,
కావలసిన దానికన్నా కాస్త ఎక్కువసేపు పట్టుకున్నాను.

దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్లలో
సగం మంది జనవరి ఒకటినే పుట్టారు.
ఒకసారి ఉండబట్టలేక అడిగాను,
గట్లువాక్ అనే ఆరున్నర అడుగుల కుర్రాణ్ణి.
"వరదొచ్చిన ఏడు, జొన్న కోతకి ముందు,
మా ఎర్రావు ఈనిన మర్నాడు," అన్నాడు.
"శిబిరంలో గుమాస్తా దగ్గర అంత పెద్ద గడి లేదు."
నా దగ్గరా లేదు.

అతని పేరు ఒక కార్డులో
ఇంకో కార్డు కన్నా ఒక్క అక్షరం ఎక్కువ.
చూడ్డానికి నిజంలా ఉంటే చాలు, తీసుకోమంటుంది రూలు పుస్తకం.
కానీ ఆ వారం ఆడిటర్లు వస్తారన్నారు.
"సరిచేయించుకుని రా."
మూడో రోజు సాయంత్రం ఐదున్నర దాకా
కిటికీ తెరిచే ఉంచాను.
పద్నాలుగేళ్లయింది.
ఆ మిగిలిపోయిన అక్షరం
ఏ సొరుగులో వేయాలో నాకిప్పటికీ తెలీదు.

ఈ మార్చిలో కంపెనీ చేతులు మారింది.
అందరూ మళ్లీ కాగితాలు చూపాలట, నాతో సహా.
కిటికీకి అవతల వైపు
కుర్చీ లేదని అప్పుడు తెలిసింది.
లోపల కూర్చున్న కొత్త పిల్ల మర్యాదగానే అంది:
"రెండు కావాలి."

లైసెన్సుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు
ఏ ఇల్లు మారినప్పుడో పోయింది.
జనన పత్రం అమ్మ గుండీల డబ్బా అడుగున ఉంటుంది.
ఎన్నడూ విప్పి చూసింది లేదు.
పదహారేళ్లప్పుడు లైసెన్సిచ్చిన ఆఫీసరు అడగలేదు,
నాన్నతో చేపలు పట్టేవాడు.

గుండీలు మంచం మీద కుమ్మరించి విప్పాను.
ఊరు ఉంది. కౌంటీ ఉంది.
నాలుగు గంటల పది నిమిషాలు, తెల్లవారుజాము.
తండ్రి లాడిస్లావ్, తల్లి ఒటీలియా.
పేరు: ఆడశిశువు.

అంతే.
నాకు పేరు తేలడానికి పదిరోజులు పట్టిందని తెలుసు,
ఇంట్లో ఇద్దరు ముసలమ్మల పంతం.
తేలాక, మొక్కజొన్న నాటే రోజుల్లో,
గుర్రుమనే ట్రాక్టరు ఆపి
పట్నం పోయి రాయించేదెవరు?

ఊరూ పేరూ లేని మనుషులంటారే,
నాకు ఊరుంది.
ఎంతమందిని ఈ నోటితో, ఇంతకన్నా చిన్న తేడాకి...
సరే. అది ఇప్పుడెందుకు.

రెండో రోజు కౌంటీ కచేరీలో వరస.
నంబరు చీటీ తీసుకున్నాను, నలభై ఏడు.
పసుపు రంగు చీటీ.
గంటన్నర తర్వాత కిటికీ, కిటికీలో కంత,
కంత వెనక నాలాంటిదే ఒకావిడ.
"ఏ పేరు రాయమంటారు?"

అరవై ఒక్క ఏళ్లకి ఎవరైనా అడిగారా ఈ మాట?
ఏమైనా చెప్పొచ్చు.
నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
వెర్లా, అన్నాను.

"ఒక్కో అక్షరం చెప్పండమ్మా, తప్పు పోతుంది."
మొదటిది చెప్పాను.
రెండో అక్షరం దగ్గర
వెనక వరసలో ఎవరో దగ్గారు, పొడుగాటి మనిషి.
తిరిగి చూశాను.
అతను కాదు.
చేతిలో కవరు ఉంది,
మూలలు నలిగి.